బ్రేక్‌అవుట్ రూముల్లో పిల్లలు నోరు విప్పడం లేదు, ఏం చేయాలి?

డాలస్ తెలుగు టీచర్:
అందరికీ నమస్కారం. ప్రతి ఆదివారం ఉదయం జూమ్‌లో పిల్లలకి తెలుగు క్లాసు తీసుకుంటాను. గంట క్లాసు. 18 మంది పిల్లలు, 10 నుంచి 12 ఏళ్ల వాళ్లు. అందరూ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడమంటే బిగుసుకుపోతారు. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే గంటలో ఒక్కొక్కరికి రెండు వాక్యాలు మాట్లాడే వీలు కూడా దొరకడం లేదని బ్రేక్‌అవుట్ రూములు (ఒకే మీటింగులోని వాళ్లని చిన్న గుంపులుగా విడదీసే గదులు) మొదలుపెట్టాను. "సంక్రాంతి గురించి మాట్లాడుకోండి" అని చెప్పి ఆరుగురు చొప్పున మూడు రూముల్లోకి పంపిస్తున్నాను. వెళ్లి చూస్తే ఒక రూములో కెమెరాలన్నీ ఆఫ్. ఇంకో రూములో ఇంగ్లీషులో గేముల కబుర్లు. మూడో రూములో తెలుగు బాగా వచ్చిన ఒక్క అమ్మాయే మాట్లాడుతోంది, మిగతా ఐదుగురూ వింటున్నారు. రూములు మానేయాలా, పద్ధతి మార్చాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గుంటూరు లెక్చరర్:
మానేయకండమ్మా. మాట్లాడే అవకాశం పెంచాలని మీరు చేసిన ఆలోచన సరైనదే. నేను డిగ్రీ పిల్లలకి స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. లాక్‌డౌన్ రోజుల నుంచీ ఆన్‌లైన్ క్లాసులు తీసుకుంటున్నాను. భాష వేరైనా చిక్కు ఒకటే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు మార్చాల్సింది మీరిచ్చే పని. "సంక్రాంతి గురించి మాట్లాడుకోండి" అంటే పెద్దవాళ్లకే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. పైగా ఒకరు మాట్లాడకపోయినా పని ఆగదు. ఎవరో ఒకరు నోరు విప్పితే చాలు, మిగతావాళ్లు హాయిగా దాక్కోవచ్చు. ఒక్కరు నోరు మూసుకున్నా పని పూర్తికాని విధంగా పని ఇవ్వాలి. అంటే ఒకరి దగ్గర ఉన్న సమాచారం పక్కవాళ్ల దగ్గర ఉండకూడదు.

ఉదాహరణకి రైతు బజారు బొమ్మ ఒకటి తీసుకోండి. అదే బొమ్మలో ఐదు మార్పులు చేసి రెండోది తయారు చేయండి. మొదటి దాంట్లో తట్ట నిండా వంకాయలుంటే రెండో దాంట్లో దోసకాయలు. ఒకదాంట్లో అవ్వ చేతిలో తక్కెడ, రెండో దాంట్లో గోంగూర కట్ట. ఇద్దరిద్దరిని ఒక రూములో పెట్టి చెరొక బొమ్మ ఇవ్వండి. ఒకరిది ఒకరికి చూపించకూడదు, మాటల్లోనే తేడాలు కనిపెట్టాలి. బొమ్మలు క్లాసుకి ముందే తల్లిదండ్రులకి వాట్సాప్‌లో విడివిడిగా పంపేయండి. గ్రూపులో పెడితే రెండూ అందరికీ కనిపించి ఆట చెడిపోతుంది.

వాళ్లకి కావలసిన మాటలు కూడా మీరే చేతిలో పెట్టాలి. "మీ బొమ్మలో ఏముంది?", "ఎన్ని ఉన్నాయి?", "ఏ రంగు?", "ఎడమ పక్కన ఉందా, కుడి పక్కనా?", "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు". ఈ చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. పిల్లలు ఇంగ్లీషులోకి జారిపోయేది చాలావరకు అవతలివాళ్ల మాట అర్థం కానప్పుడే. రూముల్లోకి పంపేముందు ఈ వాక్యాల్ని అందరిచేతా రెండుసార్లు పైకి అనిపించండి. ఒక అబ్బాయినో అమ్మాయినో తీసుకుని, మిగతా అందరి ముందూ మీరు ఒక నిమిషం ఆడి చూపించండి. అప్పుడు రూములోకి వెళ్లాక "ఏం చేయాలంట?" అన్న ప్రశ్నే రాదు.

ఇక సంఖ్య. ఆరుగురు చాలా ఎక్కువ. ఇలాంటి పనికి ఇద్దరు, ఏదైనా చర్చకి ముగ్గురు. ముగ్గురున్న చోట ఒకరు మౌనంగా ఉంటే మిగతా ఇద్దరికీ వెంటనే తెలిసిపోతుంది, వాళ్లే అడుగుతారు. మొదట ఎవరు మాట్లాడాలో కూడా మీరే తేల్చి పంపండి. "పేరు అక్షర క్రమంలో ముందు వచ్చేవాళ్లు మొదలుపెట్టాలి" అంటే చాలు. "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అనుకుంటూనే పిల్లలకి రెండు నిమిషాలు గడిచిపోతాయి.

డాలస్ తెలుగు టీచర్:
మాస్టారూ, బొమ్మల ఐడియా చాలా బాగుంది, వచ్చే వారమే చేస్తాను. కానీ సంక్రాంతి పాఠం కూడా వదలాలని లేదు. దాన్ని ఈ పద్ధతిలో ఎలా చేయొచ్చు? ఇంకొకటి, నేను ఒక రూములో ఉంటే మిగతా రూముల్లో ఏం జరుగుతోందో తెలియదు. ఆ టెన్షన్‌తో ఒక్కచోట కూడా నిలబడలేకపోతున్నాను.

గుంటూరు లెక్చరర్:
సంక్రాంతికైతే జిగ్‌సా పద్ధతి అతికినట్టు సరిపోతుంది. అది పుట్టింది మీ టెక్సాస్‌లోనే. 1971లో ఆస్టిన్ స్కూళ్లలో తెల్ల, నల్ల, హిస్పానిక్ పిల్లల్ని కొత్తగా ఒకే తరగతిలో కూర్చోబెట్టినప్పుడు గొడవలు వచ్చాయి. ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు కలిసి ఈ పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క ఇచ్చారు. మిగతా ముక్కలు కావాలంటే పక్కవాడి మాట వినక తప్పదు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని పిల్లవాడి మాటకి కూడా దాంతో విలువ వచ్చింది. మీ రూముల్లో మౌనంగా ఉండిపోయే ఆ ఐదుగురికి కావలసింది కూడా ఇదే. అందుకే ఈ పద్ధతంటే నాకు అంత గురి.

మీ 18 మందికి లెక్క చక్కగా కుదురుతుంది. మూడు ముక్కలు: భోగి, సంక్రాంతి, కనుమ. ఆరు రూములు, రూముకి ముగ్గురు. మొదటి రౌండులో 1, 2 రూములకి భోగి, 3, 4కి సంక్రాంతి, 5, 6కి కనుమ. ఒక్కో అంశానికి నాలుగైదు చిన్న వాక్యాలు, రెండు ఫొటోలు ఇవ్వండి. భోగి అయితే మంటలు, భోగిపళ్లు. సంక్రాంతికి ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, అరిసెలు. కనుమకి పశువుల పూజ, గారెలు. ఏడు నిమిషాల్లో ముగ్గురూ కలిసి చదువుకుని, చూడకుండా చెప్పడం సాధన చేయాలి.

తర్వాత అందరినీ మెయిన్ రూముకి రప్పించి రెండో రౌండుకి కలిపేయండి. ఇప్పుడు ప్రతి రూములో భోగి తెలిసినవాళ్లు ఒకరు, సంక్రాంతి తెలిసినవాళ్లు ఒకరు, కనుమ తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. ఒకరికొకరు చెప్పుకుంటారు. తిరిగొచ్చాక మీరు భోగి గురించి అడిగే ప్రశ్నకి కనుమ చదివినవాళ్లు జవాబు చెప్పాలి. ఈ షరతు ముందే చెప్పండి, అప్పుడు చెవులు రిక్కించి వింటారు.

రెండో రౌండు కలపడంలోనే గందరగోళం వస్తుంది. దానికి నేను చేసేది చెబుతాను. క్లాసు మొదట్లోనే ప్రతి ఒక్కరి పేరు ముందు రెండు అంకెలు పెట్టించండి. మొదటి అంకె మొదటి రౌండు రూము, రెండో అంకె రెండో రౌండు రూము. 1వ రూములోని ముగ్గురికి 1-1, 1-2, 1-3. రెండో రూము వాళ్లకి 2-4, 2-5, 2-6. మూడో రూముకి మళ్లీ 3-1, 3-2, 3-3. నాలుగుకి 4-4, 4-5, 4-6. ఐదు మూడులాగే, ఆరు నాలుగులాగే. రూములు తయారు చేసేటప్పుడు పార్టిసిపెంట్లే రూము ఎంచుకునే ఆప్షన్ పెడితే, పిల్లలు తమ అంకె చూసుకుని వాళ్లే వెళ్లిపోతారు. ఆ ఆప్షన్ కనిపించాలంటే వాళ్ల జూమ్ యాప్ మరీ పాత వెర్షన్ కాకూడదు. ఐప్యాడ్లు వాడేవాళ్లని ముందురోజే అప్‌డేట్ చేసుకోమనండి. ఎవరైనా రాకపోతే వాళ్ల వంతు పాఠం ముక్కని రెండో రౌండులో మిగిలిన ఇద్దరికీ ఇచ్చి చదువుకోమనండి.

మీ రెండో ప్రశ్నకి జవాబు: ప్రతి రూముకి ఒక స్లయిడ్ చొప్పున ఒకే గూగుల్ స్లయిడ్స్ ఫైలు పెట్టండి. పని ఏమిటో, ఎన్ని నిమిషాలో, వాడాల్సిన వాక్యాలేమిటో అన్నీ స్లయిడ్ మీదే ఉండాలి. కింద వాళ్లు నింపాల్సిన ఖాళీలు. మీరు మెయిన్ రూములోనే కూర్చుని అన్ని స్లయిడ్లనీ ఒకేసారి గ్రిడ్‌లో చూడొచ్చు. ఐదు స్లయిడ్లలో అక్షరాలు పడుతుంటే, నాలుగోది ఖాళీగా ఉంటే, మీరు వెళ్లాల్సింది నాలుగో రూముకే. ఊరికే ఆరు తలుపులూ తట్టక్కర్లేదు. తెలుగు టైపింగ్ రాని పిల్లలుంటే బొమ్మని లాగి ఖాళీలో పెట్టే పని ఇవ్వండి.

రూములోకి వెళ్లినప్పుడు వెంటనే ప్రశ్నలు వేయకండి. టీచర్ కనిపించగానే పిల్లలు మాట ఆపి మీకేసి చూస్తారు. "వింటున్నానర్రా, కానివ్వండి" అని మైకు ఆపేసి, ఒక నిమిషం విని వచ్చేయండి.

నెల్లూరు స్కూల్ టీచర్:
సార్, మా దగ్గర గూగుల్ మీట్ వాడతాం. నా జీమెయిల్ అకౌంట్‌లో బ్రేక్‌అవుట్ బటనే లేదు. సెట్టింగ్ ఎక్కడుంది?

గుంటూరు లెక్చరర్:
మేడమ్, మామూలు ఉచిత జీమెయిల్ అకౌంటుకి మీట్‌లో ఆ సౌకర్యం లేదు. ఆఫీసులు, స్కూళ్లు డబ్బు కట్టి తీసుకునే గూగుల్ వర్క్‌స్పేస్ ప్లాన్లలో కొన్నింటికే ఉంది. మీ స్కూలు అకౌంటుతో లాగిన్ అయ్యి చూడండి, మీటింగ్ పెట్టినవాళ్లు కంప్యూటర్ నుంచి చేయాలి. పిల్లలు ఫోన్‌లోంచి చేరవచ్చు. అక్కడా లేకపోతే విడివిడిగా నాలుగైదు మీట్ లింకులు తయారు చేసి, అందరూ చూడగలిగే ఒక గూగుల్ డాక్‌లో "1వ రూము", "2వ రూము" అని రాసి పెట్టండి. పిల్లలు మెయిన్ మీటింగ్ వదిలి తమ లింకులోకి వెళ్లి, ఫలానా టైముకి తిరిగి రావాలి. వాళ్లని వెనక్కి లాగే బటన్ మీ దగ్గర ఉండదు కాబట్టి తిరిగి రావాల్సిన టైము డాక్‌లో పెద్ద అక్షరాలతో రాయండి. మీరు ఒక్కో లింకు ఒక్కో ట్యాబ్‌లో తెరిచి, వింటున్నది తప్ప మిగతావాటి సౌండ్ ఆపేయండి. అన్నింట్లోనూ మీ మైకు మ్యూట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి.

జూమ్‌లో ఉచిత అకౌంటుకి కూడా రూములు ఉన్నాయి కానీ మీటింగు 40 నిమిషాలే. బటన్ కనిపించకపోతే జూమ్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయ్యి మీటింగ్ సెట్టింగ్స్‌లో బ్రేక్‌అవుట్ రూమ్ ఆన్ చేయాలి.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగి:
మాస్టారు గారూ, పిల్లల చర్చలో దూరుతున్నందుకు సారీ. మా టీమ్ మీటింగులో 40 మంది ఉంటాం. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో రూములు పెట్టాక, ఒక్కో గ్రూపూ వచ్చి ఏం మాట్లాడుకున్నారో చెప్పేసరికి మీటింగు అక్కడే అయిపోతోంది. దీనికి మార్గం ఉందా సార్?

గుంటూరు లెక్చరర్:
ఉంది బాబూ. ఎనిమిది గ్రూపులు ఐదేసి నిమిషాలు చెబితే అక్కడికే 40 నిమిషాలు. మూడో గ్రూపు తర్వాత ఎవరూ వినరు కూడా. ఒక్కో గ్రూపు ఒకే ఒక్క వాక్యం రాసి తేవాలని చెప్పండి: "మనం మార్చాల్సిన మొదటి విషయం ఇది, కారణం ఇది." అన్నీ ఒకే డాక్‌లో పడాలి. తిరిగొచ్చాక రెండు నిమిషాలు అందరూ నిశ్శబ్దంగా చదవండి. వాటిలో ఒకదానికొకటి పొసగని రెండు వాక్యాలు తీసుకుని, ఆ రెండు గ్రూపుల్నే మాట్లాడమనండి.

రూములోకి పంపేముందు కూడా ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించుకుని కాగితం మీద రాసుకోమనండి. అమెరికా విద్యావేత్త ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన థింక్-పెయిర్-షేర్ (ముందు ఒంటరిగా ఆలోచించి, తర్వాత ఇద్దరు మాట్లాడుకుని, ఆపై అందరితో పంచుకునే) పద్ధతిలో మొదటి మెట్టు అదే. ఆఫీసుల్లో సీనియర్ నోరు తెరవగానే మిగతావాళ్లు "అవును సార్" అంటారు. ముందే రాసుకున్నది చేతిలో ఉంటే జూనియర్ కూడా తన మాట చెబుతాడు. మేనేజర్లనీ, వాళ్ల కింద పనిచేసేవాళ్లనీ ఒకే రూములో వేయకండి. కేవలం సమాచారం చెప్పే మీటింగైతే అసలు రూములు పెట్టకండి, మెయిల్ చాలు.

డాలస్ తెలుగు టీచర్:
ఇంకో రెండు సందేహాలు మాస్టారూ. మొత్తం రికార్డ్ చేస్తే అన్ని రూములూ వస్తాయా? ఇద్దరు పిల్లలు ప్రతివారం పది నిమిషాలు ఆలస్యంగా వస్తారు, వాళ్ల సంగతి ఏం చేయాలి?

గుంటూరు లెక్చరర్:
రావమ్మా. జూమ్‌లో క్లౌడ్ రికార్డింగ్ (జూమ్ వాళ్ల సర్వర్‌లో దాచేది) మెయిన్ రూమునే పట్టుకుంటుంది. మీ కంప్యూటర్‌లో రికార్డ్ చేస్తే మీరున్న రూము మాత్రమే వస్తుంది. పిల్లల క్లాసు కాబట్టి రికార్డింగు మీద ఆధారపడకుండా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని కో-హోస్టులుగా (మీతోపాటు మీటింగు నడిపేవాళ్లుగా) పెట్టుకోండి. వాళ్లు రూముల మధ్య తిరుగుతూ చూస్తారు. పెద్దవాళ్లు ఎవరో ఒకరు ఎప్పుడూ వచ్చిపోతుంటారని పిల్లలకీ తెలిసి ఉండాలి. ఒక్క షరతు: పిల్లవాడు మాట కోసం తడుముకుంటుంటే ఆ మాట తల్లి అందించకూడదు. ఐదు సెకన్లు ఆగాలి. తల్లులకి కష్టమే కానీ ఆ ఐదు సెకన్లలోనే పిల్లవాడు నేర్చుకుంటాడు. పిల్లల మధ్య ప్రైవేట్ చాట్ కూడా ఆపేయండి.

ఆలస్యంగా వచ్చేవాళ్లు మెయిన్ రూములోనే ఉంటారు. అందుకే రూములు తెరిచాక మొదటి రెండు మూడు నిమిషాలు మీరు ఎక్కడికీ కదలకండి. వాళ్లని మీరే చేత్తో ఒక రూముకి కేటాయించి, స్లయిడ్ లింకు ఇచ్చి, "భోగి రూముకి వెళ్తున్నావు, అక్కడున్నవాళ్లని 'ఇప్పటిదాకా ఏం చదివారు?' అని అడుగు" అని పంపండి. వెళ్లగానే అడగడానికి ఒక తెలుగు వాక్యం చేతిలో ఉంటుంది, లోపల ఉన్నవాళ్లు చదివింది మరోసారి చెప్పినట్టూ అవుతుంది.