స్లీవ్ సర్జరీ అయ్యి 5 వారాలు, ఈ దిగులు ఎప్పటికి తగ్గుతుంది?

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, ఉండేది గుంటూరు. బరువు తగ్గడానికి స్లీవ్ సర్జరీ (జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకుని 5 వారాలైంది. 11 కిలోలు తగ్గాను, కుట్లు మానాయి. మొదట్లో మజ్జిగ, పప్పుకట్టుతోనే గడిచింది. ఇప్పుడు మెత్తగా చిదిమిన ఇడ్లీ సగం తినేసరికి గుండెల మీద బండ పెట్టినట్టు ఉంటుంది. ఒక్క ముద్ద ఎక్కువైతే నోట్లో నీళ్లూరి, కక్కేదాకా స్థిమితం ఉండదు. తిన్నాక అరగంట నీళ్లు తాగొద్దన్నారు, అది పాటిస్తున్నాను. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ మాత్రం అందడం లేదు. పౌడర్ వాసనకే వికారం.

అసలు బాధ వేరు. నిన్న మా అత్తయ్య వేడన్నంలో గోంగూర పచ్చడి, నెయ్యి కలిపి పిల్లలకు ముద్దలు పెడుతుంటే గదిలోకి వెళ్లి ఏడ్చేశాను. ఆకలేసి కాదు. కోపమొచ్చినా, సంతోషమొచ్చినా ఇన్నాళ్లూ తిండే నాకు తోడు. "సన్నబడుతున్నావుగా, ఇంకేంటి?" అంటారు మావారు. ఆయనకెలా చెప్పాలో తెలియడం లేదు.

ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే చెప్పండి. మీకూ ఇలా దిగులుగా ఉండేదా? ఎన్నాళ్లకు తేరుకున్నారు? కౌన్సెలింగ్‌కు వెళ్లారా? పౌడర్ లేకుండా ప్రొటీన్ ఎలా సరిపెట్టుకున్నారు?