‘కప్పలు పదివేలు చేరు’: ఆ కప్పలు ఎక్కడి నుంచి చేరాయి?

సుమతి పద్యంలో కప్పను స్వార్థపరుడైన చుట్టంతో ఎందుకు పోల్చారని నిన్న మన గుంపులో ఒక చెల్లె అడిగింది. వచ్చిన జవాబులన్నీ చుట్టాల మీదికే పోయాయి. కప్ప వైపు నుంచి కూడా ఒకసారి చూద్దాం.

ఎప్పుడు సంపద గలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగ జెఱువు నిండిన
గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ

‘తెప్పలుగ’ అంటే నిండుగా, పొంగేటట్టు. మన వరంగల్ మాటలో చెప్పాలంటే చెరువు మత్తడి దుంకేటట్టు. ముందున్న ద్రుతం (మాట చివరి ‘న్’) వల్ల చెఱువు ‘జెఱువు’, కప్పలు ‘గప్పలు’ అయ్యాయి. ఎప్పుడు, అప్పుడు, తెప్పలు, కప్పలు: ప్రాస ‘ప్ప’. అంటే కప్పను పద్యంలోకి పిలిచింది కొంతవరకు ప్రాసే.

నన్ను ఆపింది మాత్రం క్రియ. చుట్టాలకు ‘వత్తురు’ అన్నాడు, కప్పలకు ‘చేరు’ అన్నాడు. ఛందస్సు కోసం అలా మార్చాడనడానికి లేదు. ‘కప్పలు పదివేలు వచ్చు గదరా సుమతీ’ అన్నా కందం చెడదు. ‘లుచేరు’ జగణం, ‘లువచ్చు’ కూడా జగణమే. రెండూ సరిపోయే చోట ‘చేరు’నే ఎంచుకున్నాడు. చుట్టం వేరే ఊరి నుంచి రావాలి. కప్పకు ఆ అవసరం లేదు, అది అక్కడే ఉంది.

ఎండాకాలంలో చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, నెర్రెలు బారినప్పుడు కప్ప ఎక్కడికీ వలస పోదు. తడి ఉన్న మట్టిలోకి దిగి, తిండి మానేసి, చర్మంతోనే గాలి పీల్చుకుంటూ పడి ఉంటుంది. బడి పుస్తకాల్లో గ్రీష్మకాల సుప్తావస్థ అని చదువుకున్నది ఇదే. మట్టి తవ్వే జాతులకు వెనక కాలి మడమ దగ్గర పార అంచులాంటి గట్టి బుడిపె ఉంటుంది. దానితో తవ్వుకుంటూ వెనక్కి వెనక్కి దిగుతాయి. మొహం ఆఖరున మునుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన దిక్కు బోదురుకప్పల గోల మొదలయ్యేది మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, తొలి పెద్ద వానలకు. ఆ కొద్ది రోజులు మగ కప్ప ఒళ్లంతా పసుపు రంగుకు తిరుగుతుంది. గొంతుకు రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బుతాయి. ఇదంతా లోతు చెరువులో కాదు, వాన నీళ్లు నిలిచిన గుంటల్లో, చెరువు అంచు మడుగుల్లో జరుగుతుంది. చేపలున్న లోతు నీళ్లలో గుడ్లకు గండం. చెరువులు మత్తడి పడేది ఎక్కువగా శ్రావణ భాద్రపదాల్లో. అప్పటికి ఆ గోల చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే కప్ప నిండిన చెరువును చూసి వచ్చింది కాదు, చెరువు నిండకముందే లేచి కూర్చుంది. ఇక ‘పదివేలు’ అతిశయోక్తి అనుకోకండి. ఒక్క ఆడ బోదురుకప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది.

ఈ పద్యం బద్దెన పేరుతో ప్రచారంలో ఉంది. ఆయన్ని కాకతీయుల కాలం వాడిగా చెప్తారు. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి రామప్ప గుడి శాసనం 1213 నాటిది, ఆ గుడికి దగ్గర్లోనే చెరువు. సంపద అనగానే నిండిన చెరువు తోచడం ఆ కాలానికీ ఈ నేలకూ సహజం అనిపిస్తుంది నాకు.

— జవాబు, హన్మకొండ నుంచి:
అన్నా, అట్లయితే పద్యం తప్పంటారా? పిల్లలకు తాత్పర్యం ఎట్లా చెప్పాలి?

— తప్పనను తమ్మీ. ఉపమానం కంటికి కనబడేదాన్ని పట్టుకుంటుంది. నీళ్లు లేనప్పుడు కప్ప కనబడదు, ఉన్నప్పుడు కనబడుతుంది. కవికి అంతే కావాలి. తాత్పర్యం పాతదే చెప్పు. చివర్లో ‘వత్తురు’, ‘చేరు’ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి తేడా అడుగు. పిల్లలే చెప్తారు.

— జవాబు, పరకాల నుంచి:
మా అవ్వ ఈ పద్యం ఒప్పుకునేదే కాదు సార్. వాన పడకుంటే మేం కప్పతల్లి ఆడేవాళ్లం కదా.

— మంచి మాట అందించారు అక్కా. రోకలికి వేపమండలు, కప్పను కట్టి ఇద్దరు పిల్లలు భుజాన మోస్తే, ఇంటింటా దాని మీద బిందెడు నీళ్లు పోస్తారు. పద్యంలో కప్ప నీళ్ల వెనక వస్తే, ఊళ్లో కప్ప నీళ్లకు ముందు నడుస్తుంది. అందుకే దాన్ని ‘తల్లి’ అన్నారు. రెంటిలో కప్పను దగ్గరగా చూసింది ఊరివాళ్లేనని నా నమ్మకం. కాకపోతే ఆ కట్టుడు కప్పకు నరకం. ఇప్పుడు ఆడేవాళ్లు మట్టి బొమ్మతో ఆడితే బాగుంటుంది.

కప్పతల్లి పాట ఊరూరికీ మారుతుంది. మీ ఊరి పాటలో మొదటి రెండు పాదాలు కింద రాయండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపువి ముఖ్యంగా కావాలి. యాసను దిద్దకుండా, విన్నది విన్నట్టే రాయండి.