మట్టిలో తడి ఉన్నా తేయాకు చిగుళ్లు ఎందుకు వాలిపోతున్నాయి?

ప్రశ్న: మాది పాడేరు. కూనూరు దగ్గర తేయాకు తోటలో సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరాను. ఈ ఫిబ్రవరి ఎండకు మధ్యాహ్నం చిగుళ్లు వాలిపోతున్నాయి, తెల్లారేసరికి మళ్లీ నిలబడుతున్నాయి. తవ్వి చూస్తే మట్టి తడిగానే ఉంది. నీళ్లు ఎటు పోతున్నట్టు? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఆకుల గుండానే పోతున్నాయి. తేయాకుకు పత్రరంధ్రాలు ఆకు అడుగు వైపే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ కోసం అవి తెరుచుకున్నప్పుడు నీటి ఆవిరి బయటికి పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ పోతుంది. వేర్లు అందించేదానికంటే ఆకులు వదిలేది ఎక్కువైతే, తడి ఉన్నా చిగురు వాలుతుంది. ముదురాకు మీద మైనం పొర మందం, లేత ఆకుకు పల్చన. అందుకే మనం కోసే ఆ రెండాకులు, మొగ్గే ముందు దెబ్బతింటాయి. రాత్రి రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి, వేర్లు ఆ లోటు తీరుస్తాయి.

ఇంకొకరు: నేను అస్సాం తోటల్లో చేశాను. అక్కడ దిరిసెన జాతి చెట్ల నీడే మాకు పెద్ద అండ. మీ దగ్గర నీడ చెట్లు బాగున్నాయా?

ప్రశ్న అడిగినవారు: సిల్వర్ ఓక్ కొమ్మలు డిసెంబరులో బాగా కొట్టించారండీ.

జవాబు: అయితే ఎండ నేరుగా పడి ఆకు వేడెక్కుతోంది. ఆ కొమ్మల్ని మళ్లీ పెరగనివ్వండి, మొదళ్ల దగ్గర ఎండుటాకు పరిపించండి. తెల్లవారుజామున కూడా చిగుళ్లు వాలే ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా నీళ్లు పెట్టించండి.