పోటీ కళాశాల గురించి అడిగే విద్యార్థికి మనం ఏమని చెప్పాలి?

ఒంగోలు, ప్రవేశాల విభాగం ఉద్యోగి:

ఒంగోలు దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో పదకొండేళ్లుగా ప్రవేశాల విభాగంలో పనిచేస్తున్నాను. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్ల (కోరుకున్న కళాశాలలను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టుకోవడం) గడువు ముగిసేదాకా మా బల్ల ముందు కూర్చునే కుటుంబాలలో చాలావరకు అడిగే ప్రశ్న ఒకటుంది: "మీది సరే సార్, ఆ ఫలానా కాలేజీ ఎట్టా ఉంటుంది?" దీనికి జవాబివ్వవచ్చునా, ఇస్తే ఎంతవరకు ఇవ్వాలి అన్నది ఈ ఏడాది మా విభాగంలోనే పెద్ద వాదమైంది. ఇతర సంస్థల ఊసే ఎత్తకూడదని మా యాజమాన్యం అంటోంది. నా ఉద్దేశం వేరు. పోటీ కళాశాలను నిందించడం తప్పే, కానీ అడిగిన పిల్లను ఉత్తచేతులతో పంపడమూ తప్పే. ఎవరైనా సరిచూసుకోగల విషయాలను, మనం వెనకబడిన వాటితో సహా, చెప్పి పంపాలని నా వాదన. ఈ పనిలో ఉన్నవారూ, పిల్లలను చేర్పించినవారూ మీ అనుభవం రాయవలసిందిగా కోరుతున్నాను.

నెల్లూరు, విశ్రాంత ప్రిన్సిపాల్:

మీ యాజమాన్యం మాటే సరైనదని నేను నమ్ముతున్నాను. ప్రవేశాల బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి నోటి నుంచి వచ్చిన మాట ఆ ఉద్యోగిదిగా ఉండదు, "కాలేజీవాళ్లే చెప్పారు" అని ఊరంతా తిరుగుతుంది. నేను పనిచేసిన ఒకచోట, మా గుమాస్తా ఒక తండ్రితో పక్క కళాశాలకు గుర్తింపు పోయిందని చెప్పాడు. నిజానికి ఆ ఏడాది వారికి ఒక బ్రాంచిలో సీట్లు తగ్గాయి, అంతే. ఆ ఒక్క మాటతో ఒకే ఊరికి చెందిన అయిదుగురు పిల్లలు ఆప్షన్లు మార్చుకున్నారు. ఆ కళాశాల ప్రిన్సిపాల్ నాకు ఫోన్ చేసి, కోప్పడకుండా, సాంకేతిక విద్యా సంస్థలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఇచ్చిన గుర్తింపు లేఖను చదివి వినిపించాడు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అబద్ధమని తెలిసి చెప్పేవాడికంటే సగం తెలిసి చెప్పేవాడే ఎక్కువ హాని చేస్తాడు. అందుకే, "వారి గురించి వారినే అడగండి" అన్న మాటకు మించిన మర్యాద లేదంటాను.

కనిగిరి, ఒక విద్యార్థిని తండ్రి:

అయ్యా, ప్రిన్సిపాల్ గారి మాటను గౌరవిస్తూనే ఒక సంగతి మనవి చేసుకుంటాను. వారినే అడగండి అని మీరు సులభంగా అంటారు. మాకు టైలరింగ్ షాపు ఉంది. ఒక కాలేజీ చూసి రావాలంటే షాపు మూసి, పొద్దున్నే బస్సెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరాలి. పోయిన ఏడాది అలా నాలుగు రోజులు తిరిగాను. ప్రతిచోటా తమ గురించి గొప్పగా చెప్పారు, పక్కవాళ్ల గురించి అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వుకు అర్థం ఏమని మేము అనుకోవాలి? అక్కడేదో లోపం ఉందని మా ఆవిడ అనుకుంది, అక్కడే బాగుంటుందని నేను అనుకున్నాను. ఒకచోటనైతే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లండి, సీటు గట్టిగా ఉంటుందన్నారు. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే ఉత్తర్వు ఇచ్చిందని మాకు తర్వాత తెలిసింది. పక్క కాలేజీవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది కదా, మేము అడిగినప్పుడు ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?

కావలి, జూనియర్ కళాశాల అధ్యాపకుడు:

చదువు ముగిశాక నేను రెండేళ్లు ఒక కళాశాలకు పీఆర్వోగా, అంటే పిల్లలను చేర్పించడానికి ఇంటింటికీ వెళ్లే మనిషిగా, తిరిగాను కనుక, ఆ మౌనం ఎవరికి ఉపయోగపడుతుందో చెప్పగలను. అది పీఆర్వోకే ఉపయోగపడుతుంది. ఇంటర్ పరీక్షలు కాకముందే పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు మా చేతికి వచ్చేవి. ఇంటికి వెళ్లేవాళ్లం, మంచినీళ్లు తాగేవాళ్లం, తల్లిని అక్కా అని పిలిచేవాళ్లం, ఆ తర్వాత పోటీ కళాశాల గురించి నోటికి వచ్చింది చెప్పేవాళ్లం. ఆప్షన్లు పెట్టడం కష్టమని భయపెట్టి, ఓటీపీ మేమే అడిగి తీసుకుని, మా కళాశాలనే మొదట పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. బాధ్యత గల కార్యాలయం నోరు విప్పకపోతే, బాధ్యత లేని నాలాంటివాడి మాటే ఆ కుటుంబానికి దిక్కవుతుంది. ఇప్పుడు మా విద్యార్థులకు నేను చెప్పే మొదటి మాట, పాస్‌వర్డూ ఓటీపీ ఎవరికీ ఇవ్వవద్దని.

ఒంగోలు, ప్రవేశాల విభాగం ఉద్యోగి:

ప్రిన్సిపాల్ గారు చెప్పిన గుమాస్తా కథ నా వాదనకే బలం ఇస్తుందని అనుకుంటున్నాను. ఆ గుమాస్తా చేసిన తప్పు పక్క కళాశాల గురించి మాట్లాడటం కాదు, లేఖ చూడకుండా మాట్లాడటం.

ఈ జూన్‌లో జరిగిన ఒక సంగతి చెబుతాను. పొదిలి వైపు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ప్లాస్టిక్ కవరులో ర్యాంకు కార్డు, దానితోపాటు మా కరపత్రం, నెల్లూరు జిల్లాలోని మరొక కళాశాల కరపత్రం ఉన్నాయి. ఆ రెండో కరపత్రంలో గరిష్ఠ ప్యాకేజీ అంకె చుట్టూ ఆ అమ్మాయి పెన్నుతో సున్నా చుట్టింది. "ఇది నిజమేనా సార్?" అని అడిగింది. అబద్ధమని అనలేదు, ఎందుకంటే అది నిజమే కావచ్చు. గరిష్ఠ ప్యాకేజీ అంటే ఒక్క విద్యార్థికి వచ్చినదని చెప్పి, మా కరపత్రంలోనూ అదే పద్ధతిలో వేసిన అంకెను చూపించాను. ఒకే విద్యార్థికి మూడు ఉద్యోగాలు వస్తే మూడుగా లెక్కవేసే అలవాటు మా రంగంలో ఉందనీ, అందుకే "ఎన్ని ఆఫర్లు" అని కాక "ఎంతమంది పిల్లలకు" అని అడగాలనీ చెప్పాను. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు దరఖాస్తు చేసే కళాశాలలు తాము పంపిన వివరాలను తమ వెబ్‌సైటులో పెట్టాలి, అందులో ఉద్యోగం వచ్చినవారి సంఖ్య, వారి మధ్యస్థ వేతనం (జీతాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఉంటాయి. రెండు కళాశాలల పేజీలూ ఆమె ఫోన్‌లోనే తెరిచాం. మధ్యస్థ వేతనంలో వారు మాకంటే ముందున్నారు. చూపించిన తర్వాత దాచడానికి ఏమీ లేదు కనుక, అవునమ్మా, ఈ విషయంలో వారే మెరుగు అన్నాను.

నాణ్యతను పరిశీలించి ఇచ్చే గుర్తింపులు రెండున్నాయి: న్యాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడివిడిగా వస్తాయి. ఆమె కోరుకున్న బ్రాంచికి మా దగ్గర ఎన్‌బీఏ ఉంది, అక్కడి జాబితాలో ఆ బ్రాంచి పేరు మాకు కనిపించలేదు. అది కూడా చెప్పి, మీరు వెళ్లినప్పుడు మరోసారి అడిగి చూడండి అన్నాను.

అయితే అసలు మెలిక వీటిలో లేదు. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే వాటిలో, 85 శాతం సీట్లు స్థానికులకే, అంటే ఆ కళాశాల ఉన్న విశ్వవిద్యాలయ ప్రాంతంవారికే. పొదిలి ఉన్న ఉమ్మడి ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంతంలోకి వస్తుంది, ఉమ్మడి నెల్లూరు జిల్లా శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాంతంలోకి వస్తుంది. కనుక పొదిలిలో చదివిన పిల్ల నెల్లూరు జిల్లా కళాశాలలో మిగిలిన 15 శాతం సీట్లకే పోటీ పడాలి. ఆ తండ్రికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. దీన్ని వాడుకుని "అక్కడ మీకు సీటు రాదు, మా దగ్గరే చేరండి" అనడం నాకు ఒక్క నిమిషం పని. కానీ అది నిజం కాదు. ఇష్టమైన కళాశాలను మొదటి ఆప్షన్‌గా పెట్టినంత మాత్రాన రెండోదానిలో అవకాశం తగ్గదు. మొదటిది రాకపోతేనే రెండోదాన్ని చూస్తారు. ఆ మాటే చెప్పి, అది మొదట, మాది తర్వాత పెట్టుకోమన్నాను. ఆ అమ్మాయి చివరికి ఎక్కడ చేరిందో నేను వెతకలేదు, మా జాబితాలో మాత్రం పేరు లేదు. ఆ సీటు పోయిందని మా డైరెక్టర్ గారు అడిగితే, ఇప్పుడు రాసినదే ఆయనకూ చెబుతాను.

నెల్లూరు, విశ్రాంత ప్రిన్సిపాల్:

ప్రాంతాల సంగతి చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. నిబంధనలను వివరించడం మరొక సంస్థ గురించి మాట్లాడటం కాదు, దానికి మౌనం పాటించమనడం నా పొరపాటే. వెబ్‌సైటు తెరిచి చూపించడానికీ నాకు అభ్యంతరం లేదు. కానీ మీలా నిలకడగా చెప్పే ఉద్యోగి ఒక్కరుంటే, వేసవికి మాత్రం పనిలో చేరిన కుర్రవాళ్లు నలుగురుంటారు. వాళ్ల నోటికి ఎవరు పూచీ? వ్యాఖ్య లేకుండా, ఎక్కడ ఏమి చూడాలో మాత్రమే రాసిన ఒక కాగితం అచ్చువేయించి, దాన్ని దాటి మాట్లాడవద్దని కట్టడి చేస్తే నేను ఒప్పుకుంటాను. "అక్కడ అధ్యాపకులు నిలవరట", "హాస్టల్ తిండి బాగుండదట" వంటి "అట" మాటలు ఆ బల్ల దగ్గర అసలు వినబడకూడదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. చేర్చిన సీటుకు ఇంత అని డబ్బు ముట్టేవాడు పక్క కళాశాల గురించి న్యాయంగా మాట్లాడతాడని నన్ను నమ్మమనవద్దు.

ఒంగోలు, ప్రవేశాల విభాగం ఉద్యోగి:

కాగితం సంగతి పూర్తిగా ఒప్పుకుంటున్నాను, "అట" మాటల సంగతి కూడా. ఏఐసీటీఈ లేఖలో బ్రాంచివారీగా సీట్లు, గత ఏడాది సీటు దక్కిన చివరి ర్యాంకులు, ఎన్‌బీఏ జాబితా, ఎన్‌ఐఆర్‌ఎఫ్ వివరాలు, ఇవి ఎక్కడ చూడాలో రాసి ముసాయిదా తయారు చేశాను. మేనేజ్‌మెంట్ కోటాలో (యాజమాన్యమే నింపుకునే సీట్లలో) చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదన్న మాటను అందులో మొదటి వరుసలోనే పెట్టాను.

కనిగిరి, ఒక విద్యార్థిని తండ్రి:

మా రెండో పిల్ల వచ్చే ఏడాది ఇంటర్ పూర్తి చేస్తుంది. బల్ల దగ్గర కూర్చున్నవారిని, మీకు సీటుకు ఇంత అని వస్తుందా అని మేము అడగవచ్చునా? అడిగితే తప్పు పట్టుకుంటారేమోనని జంకు.

ఒంగోలు, ప్రవేశాల విభాగం ఉద్యోగి:

తప్పకుండా అడగండి. నన్ను అడిగితే నేను చెప్పే జవాబు ఇది: నాకు నెల జీతమే, బయట తిరిగే మా పీఆర్వోలకు మాత్రం సీటుకు ఇంత అని ఉంది. ఆ వాక్యాన్ని కూడా కాగితంలో చేర్చడానికి మా యాజమాన్యాన్ని అనుమతి అడిగాను. ఇంకా రాలేదు, వచ్చే సోమవారం మళ్లీ అడుగుతాను.