ఉమ్మడి ప్రహరీ పడిపోతే, ముందు మనమే కట్టించేసి తర్వాత సగం డబ్బు అడగొచ్చా?

మర్రిపాలెం వాసి:
మాకూ పక్కింటి మాస్టారికీ మధ్య ఉన్న ప్రహరీ మొన్నటి వానలకి పన్నెండడుగుల మేర పడిపోయింది. రెండుసార్లు అడిగాను, "చూద్దాంలే బాబూ" అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రాత్రయితే కుక్కలు లోపలికి వచ్చేస్తున్నాయి. మేస్త్రిని పిలిచి కట్టించేసి, తర్వాత సగం అడుగుదామనుకుంటున్నాను. తప్పా?

గాజువాక నుంచి:
తప్పేముందండీ? గోడ ఇద్దరిదీ, ఖర్చూ ఇద్దరిదే. బతిమాలుతూ కూర్చుంటే ఇంకో వానాకాలం వచ్చేస్తుంది. కట్టించి బిల్లు చేతిలో పెట్టండి, ఇవ్వకపోతే లాయర్ నోటీసు పంపండి.

పెందుర్తి నుంచి:
నేను ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా నాన్నగారు సరిగ్గా ఇదే చేశారు. పక్కాయన ఊళ్లో లేరు, కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు, దొంగల భయం. పాతది తొమ్మిదంగుళాల గోడ. ఖర్చు తగ్గుతుందని కొత్తది నాలుగున్నర అంగుళాలే కట్టించాం, పాత పునాది రాళ్లు కూడా పీకించేశాం. మేస్త్రి దారాన్ని పాత గోడ మధ్యలో కాకుండా వాళ్ల వైపు అంచున పట్టాడు, అది మేమెవరం చూసుకోలేదు. ఆయన తిరిగొచ్చి టేపు పెట్టి కొలిచి "నా జాగా కలుపుకున్నారు" అన్నారు. కాదని చూపించడానికి మా దగ్గర పాత రాయి ఒక్కటి కూడా లేదు. డబ్బు సంగతి అటుంచండి, అంతవరకు ఆ గోడ మీంచే కరివేపాకు, పండగ బూరెలు అటూ ఇటూ వెళ్లేవి, ఆ తర్వాత మా చెల్లి పెళ్లికి కూడా వాళ్లు రాలేదు.

అందుకే ముందు దస్తావేజు తీయండి. హద్దుల దగ్గర "ఉమ్మడి గోడ" అని ఉందా, లేక ఎవరో ఒకరి సొంత గోడ అని ఉందా చూడండి. అది ఆయన సొంతమైతే మీరు చెయ్యి వేయకూడదు, మీ సొంతమైతే సగం అడగకూడదు. పాత పునాది కదపకుండా టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. ఎత్తెంత, ఏ ఇటుక, ఎవరెంత ఇవ్వాలి అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పాత గోడ నాలుగడుగులైతే, మీకు ఆరడుగులు కావాలంటే పైన రెండడుగుల ఖర్చు మీదే, అది ఆయన్ని అడగడం న్యాయం కాదు.

గాజువాక నుంచి:
అప్పటిదాకా పిల్లల సంగతేంటి? ఆయన అసలు సంతకమే పెట్టనంటే?

పెందుర్తి నుంచి:
కుక్కలు రాకుండా మీ జాగాలోనే నాలుగు గుంజలు పాతి రేకులు కట్టండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మాట తెగకపోతే కోర్టుకి ముందే, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ కుదురుతుంది, కుదిరితే మాత్రం 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దానిపై అప్పీలు ఉండదు. లాయర్ నోటీసు అన్నిటికంటే చివర. అది అందుకున్న మనిషి మళ్లీ మీ గుమ్మం ఎక్కడు.

మర్రిపాలెం వాసి:
దస్తావేజు చూశాను, పడమర హద్దు "ఉమ్మడి గోడ" అనే ఉంది. సాయంత్రం అది పట్టుకుని వెళ్తే మాస్టారు చాలాసేపు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, "శుక్లం ముదిరింది బాబూ, అక్షరాలు కనబడటం లేదు, ఆపరేషన్‌కి డబ్బు దాచుకుంటున్నాను" అన్నారు. ఆదివారం వాళ్లబ్బాయి వస్తాడట, ముగ్గురం కూర్చుంటాం. మేస్త్రిని అప్పటిదాకా ఆగమన్నాను, రేకులు రేపు కడతాను.