అప్‌డేట్: కరెంటు బిల్లు పెరగడానికి అసలు కారణం దొరికింది

విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో కొత్త పరికరమేదీ కొనకపోయినా కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతోందని ఇక్కడ అడిగాను. ఓపికగా సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

చాలామంది అనుమానించిన ఫ్రిజ్ కారణం కాదు. తలుపు సందులో పెట్టిన కాగితం లాగినా రాలేదు కాబట్టి రబ్బరు బాగానే ఉంది. మెయిన్ ఆపగానే మీటరు మీద ఎర్రలైటు మిణుకు ఆగిపోయింది కనుక మీటరుకూ మెయిన్‌కూ మధ్య నుంచి వేరెవరూ కరెంటు వాడుకోవడం లేదని కూడా తేలింది.

పనికొచ్చింది నీళ్ల మోటారు ఎంతసేపు నడుస్తోందో గమనించమన్న సలహా. వాడకం పెరగకుండానే పై ట్యాంకు త్వరగా ఖాళీ అవుతోందని అర్థమయ్యాక, ఫ్లష్ ట్యాంకులో కొంచెం నీలిమందు కలిపి అరగంట ఎవరినీ వాడవద్దని చెప్పి చూస్తే, కమోడ్ గోడ వెంట సన్నటి నీలి చార జారుతూ కనిపించింది. ప్లంబరు విప్పి, అడుగున ఉండే రబ్బరు వాషరు అరిగి అంచు వంకరపోయిందని చూపించి, కొత్తది వేశారు. చప్పుడు లేకుండా కారిపోయిన ఆ నీటిని మళ్లీ పైకెక్కించడానికే మా ఒక హార్స్‌పవర్ మోటారు అదనంగా నడిచేది. అది గంటకు దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది. వాడకం ఒక శ్లాబు (బిల్లులో ఒక రేటుకు ఉండే యూనిట్ల పరిమితి) దాటాక యూనిట్ ధర కూడా పెరుగుతుంది కాబట్టి భారం మరింత ఎక్కువగా కనిపించింది. ఇప్పుడు బిల్లు పాత స్థాయికి వచ్చింది.

పాత ఫ్యాన్లు మార్చమన్న సలహా దీనికి సంబంధించినది కాకపోయినా విలువైనదే. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాను (బ్రష్‌లు లేని, కరెంటు ఆదా చేసే మోటారు ఉన్నది) 30 వాట్ల దగ్గర సరిపెడుతుంది కనుక, మన ఎండాకాలంలో పగలూ రాత్రీ తిరిగే హాలు ఫ్యానును ముందుగా మార్చబోతున్నాను.