పికప్‌కి ప్లాస్టిక్ బెడ్ లైనర్: రంధ్రాలు కొట్టించాలా, వద్దా?

తెనాలి_వీక్రాస్:
అందరికీ నమస్కారం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వీ-క్రాస్ తీసుకున్నాను. మన శ్రీసిటీలో తయారైన బండే. ఇంజిన్ బాగుంది, తొట్టి మాత్రం ఘోరం. పెయింట్ అంతా గీసుకుపోయి, ముందు వైపు రెండు మూడు చోట్ల రేకు బయటపడింది. వారానికి రెండుసార్లు పొలానికి మోటారు, పైపులు, ఎరువు బస్తాలు వేసుకెళ్తాను. మిగతా రోజులు ఇంటి బండి.

తొట్టి మొత్తాన్ని కప్పేసే ప్లాస్టిక్ లైనర్ ఒకటి చూశాను. షాపతను పక్క గోడలకి పది రంధ్రాలు కొట్టి స్క్రూలు బిగిస్తానంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మా ఆవిడ అయితే “దానికి కూడా చెవులు కుట్టిస్తారా” అంటోంది. వేయించినవాళ్లు చెప్పండి.

షెడ్డు_మేస్త్రి:
తెనాలి గారూ, రంధ్రాల సంగతి తర్వాత. రేకు బయటపడిన చోట ముందు తుప్పు గీకించండి. ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, ప్రైమర్ కొట్టి, పైన పెయింట్ వేసి, బాగా ఆరనివ్వండి. తుప్పు మీద లైనర్ వేయడమంటే పుండు మీద కట్టు కట్టేసి మరిచిపోవడమే. విజయవాడ ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, లైనర్ కింద కుళ్లిన తొట్టి పైకి కొత్తదానిలా కనిపిస్తుంది.

ఇక రంధ్రాలు. తొట్టిలో తాడు కట్టుకోవడానికి కంపెనీ ఇచ్చిన కొక్కేలు నాలుగు మూలలా ఉంటాయి కదా. చాలా లైనర్లకి సరిగ్గా అక్కడే కన్నాలుంటాయి. కొక్కేలు విప్పి, లైనర్ దింపి, కొంచెం పొడుగు బోల్టులతో మళ్లీ అవే కొక్కేలు బిగిస్తే సరి, డ్రిల్లు అక్కర్లేదు. మీరు చూసింది ఆ రకమో కాదో షాపులో అడగండి. తొట్టి అంచు మీదకి ఎక్కి కూర్చునే రకానికి క్లాంపులు కూడా వస్తాయి. అంచు కిందే ఆగిపోయే రకానికే స్క్రూల గోల ఎక్కువ.

కొట్టక తప్పదంటే, గోడ అవతల వైరింగ్ ఉందేమో, అడుగున అయితే బ్రేక్ పైపు, ట్యాంకు ఎక్కడున్నాయో కింద దూరి చూసుకోండి. డ్రిల్లు బిట్‌కి టేపు చుడితే ఎంత లోతుకి ఆపాలో తెలుస్తుంది. కొట్టాక రాలిన ఇనుప రజను ఊదేసి వదిలేయొద్దు. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూలమూలా తిప్పండి. మంచు పడితే చాలు, తెల్లారేసరికి ఒక్కో రేణువు చుట్టూ ఎర్రటి చుక్క తేలుతుంది. రంధ్రం అంచుకి ప్రైమర్ పూశాకే స్క్రూ.

లెక్కల_పిచ్చి:
మేస్త్రి గారు చెప్పనిది ఒకటి. ఈ లైనర్లు ఎక్కువగా హెచ్‌డీపీఈ, అంటే మన నీళ్ల డ్రమ్ముల ప్లాస్టిక్. వేడికి ఇది ఇనుము కంటే పది రెట్లకి పైగా సాగుతుంది. ఐదడుగుల పొడవు, తెల్లవారుజామున 20 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం ఎండలో నల్ల ప్లాస్టిక్ 60 డిగ్రీలు అనుకోండి. లైనర్ దాదాపు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కింద రేకు ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. అందుకే స్క్రూ వేస్తే ప్లాస్టిక్‌లో కన్నం గుండ్రంగా కాకుండా కోలగా, పెద్దగా ఉండాలి. స్క్రూ కింద వెడల్పాటి వాషర్ వేసి, మరీ బిర్రుగా బిగించొద్దు. లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది, లేదా స్క్రూ దగ్గర చిట్లుతుంది.

తెనాలి_వీక్రాస్:
9 మిల్లీమీటర్లా! షాపతను ఇవేమీ చెప్పలేదు. “పదిహేను నిమిషాల పని సార్” అన్నాడు.

భీమవరం_ట్రేలు:
నా గోడు కూడా వినండి. మాది చేపలు, రొయ్యల లోడు. ట్రేలలో ఐసు వేసి తీసుకెళ్తాం. ఇంకో కంపెనీ పికప్‌కి లైనర్ వేయించి, ఇక రేకు గురించి ఆలోచించే పనే లేదనుకున్నాను. మూడేళ్లు పైకి ఎత్తి చూడలేదు. వెనక లైటు పోతే వైరు కోసం ఒక మూల ఎత్తామండి. ముందు కంపు కొట్టింది. తర్వాత చూస్తే అడుగంతా తడి ఇసుక, చేప పొలుసులు, ఉప్పునీరు. స్క్రూ డ్రైవరుతో తట్టాను, ‘టంగ్’ అనాల్సింది ‘పచ్’ అంది. అప్పడం విరిగినట్టు పెచ్చు ఊడొచ్చింది, కింద రోడ్డు కనపడింది.

ప్లాస్టిక్‌ది తప్పని అనను. అది దెబ్బల నుంచి, గీతల నుంచి కాపాడింది, నీళ్ల నుంచి కాపాడుతుందని నేనే అనుకున్నాను. అంచుల్లోంచి నీరు దిగుతుంది, గాలి ఆడదు, ఆరదు. పైగా బండి ఊగినప్పుడల్లా ప్లాస్టిక్‌కీ రేకుకీ మధ్య ఇసుక ఎమరీ పేపర్‌లా రుద్ది పెయింట్ లేపేస్తుంది. మీ ఎరువు బస్తాలూ తక్కువేం కాదు. పొటాష్ అంటే క్లోరైడే, చినిగిన బస్తాలోంచి జారి తడి తగిలిందంటే ఉప్పుతో సమానం.

గోదావరిఖని_బెల్టు:
అన్నా, నేను లైనర్ జోలికే పోలేదు. మా దిక్కు తుక్కు షాపుల్లో పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దొరుకుతాయి. బొలెరో పికప్ అడుగుకి కొలిచి కోయించి పరిచాను. కిలోల లెక్కన ఇచ్చాడు, లైనర్ ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. సామాను జారదు, గ్యాస్ సిలిండర్ పడేసినా చప్పుడు రాదు. బరువే ఇబ్బంది, చుట్ట చుట్టి దింపాలంటే ఇద్దరు కావాలి. కానీ నెలకోసారి దింపి కడుగుతాను, కింద ఏముందో కండ్లతో చూస్తాను. గోడలకి రక్షణ ఉండదు, అది ఒప్పుకుంటా.

ప్లాస్టిక్ మీద సామాను జారుతుంది, అది మర్చిపోకు. బ్రేక్ కొడితే నీ మోటారు వచ్చి క్యాబిన్ గోడకి గుద్దుకుంటది. లైనర్ వేసినా పైన ఒక రబ్బరు మ్యాట్ వేసుకో.

డాలస్_రైతుబిడ్డ:
ఇక్కడ టెక్సాస్‌లో ఇంటికో పికప్. నాది 2017 ఫోర్డ్ ఎఫ్-150, దాని బాడీ అల్యూమినియం కాబట్టి ఎర్ర తుప్పు భయం లేదు. అయినా సొట్టల భయంతో స్ప్రే లైనర్ కొట్టించాను. పాలీయూరియా లాంటిది వేడిగా చల్లుతారు, గరుకుగా అతుక్కుపోతుంది, మధ్యలోకి నీరు దూరే సందే ఉండదు. కాకపోతే చల్లే ముందు తొట్టిని రుద్ది శుభ్రం చేయడంలో బద్ధకిస్తే పొరలుగా లేస్తుంది. ఒకసారి కొట్టిస్తే తీయడమూ కష్టం.

అసలు చెప్పాలనుకున్నది వేరు. పొలానికి పెట్రోలు డబ్బాలు తీసుకెళ్లేవాళ్లు జాగ్రత్త. ప్లాస్టిక్ లైనర్ మీద డబ్బా పెట్టి బంకులో పెట్రోలు పోయించొద్దు. ఇక్కడ అంటుకున్న సంఘటనలు ఉన్నాయి, నయోష్ అనే కార్మిక భద్రతా పరిశోధన సంస్థ 1998లోనే హెచ్చరిక ఇచ్చింది. పెట్రోలు పారుతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది. డబ్బా నేల మీద ఉంటే భూమిలోకి పోతుంది, ప్లాస్టిక్ మీద ఉంటే పోయే దారి లేక నాజిల్ దగ్గర నిప్పురవ్వ అవుతుంది. డబ్బా కిందికి దించి, నేల మీద పెట్టి, నాజిల్ డబ్బా మూతికి తగిలేలా పట్టుకుని నెమ్మదిగా పోయించాలి.

తెనాలి_వీక్రాస్:
గడ్డి కోసే మిషన్‌కి నేను సరిగ్గా అలాగే తొట్టిలో పెట్టే పోయిస్తున్నాను. చెప్పినందుకు చాలా థాంక్స్ అన్నా.

టకోమా_బాబాయ్:
నా టయోటా టకోమా పికప్‌కి తొట్టి లోపలంతా కాంపోజిట్టే, అంటే పీచు కలిపిన గట్టి ప్లాస్టిక్. 2005 మోడల్ నుంచీ అంతే. తుప్పు అనే మాటే లేదు. మీ టెన్షన్లు చదువుతూ కాఫీ తాగుతున్నాను 😄

భీమవరం_ట్రేలు:
తాగండి బాబాయ్ గారూ, తాగండి. మా ఐసు ట్రేలు ఒకసారి మీ దాంట్లో వేద్దాం, తుప్పు పట్టకపోయినా కంపు అయితే పడుతుంది.

తెనాలి_వీక్రాస్:
అప్‌డేట్. తుప్పు గీకించి పెయింట్ వేయించి, పది రోజులు ఆగాను. కొక్కేలతో బిగించే లైనరే వేరే షాపులో దొరికింది. ఆదివారం పొద్దున నేనూ మా బావమరిదీ మొదలుపెట్టాం. బరువు పెద్దగా లేదు కానీ ఎటు పట్టుకున్నా అటు ఊగుతుంది. వెనక డోరు తెరిచి ముందు అంచు లోపలికి తోస్తే, టైర్ల మీది గుమ్మటాల దగ్గర ఇరుక్కుపోయింది. గంటసేపు ఎండలో బోర్లించాక మెత్తబడింది, అప్పుడు రెండు వైపులా లోపలికి వంచి తోస్తే ‘డబ్’మని కూర్చుంది. బావమరిది బొటనవేలు మధ్యలో ఉంది. నాలుగు కొక్కేలూ పాత కన్నాల్లోనే బిగించాం. డ్రిల్లు సంచిలోంచి బయటికే తీయలేదు, మా ఆవిడ సంతోషించింది.

తర్వాత బకెట్ నీళ్లు పోసి చూశాం. తొట్టి అడుగున నీళ్లు పోయే కన్నాల్లో వెనకవాటిలోంచి బాగానే వచ్చాయి, ముందు ఎడమ వైపు చుక్క రాలేదు. కిందకి దూరి చూస్తే లైనర్ గాడి ఒకటి సరిగ్గా కన్నం మీద కూర్చుంది. ఆ గాడి దగ్గర ప్లాస్టిక్‌ని కత్తితో చెక్కితే దారి దొరికింది. ప్లాస్టిక్, రేకు రాసుకోకుండా అడుగున నాలుగు వరుసలు స్పాంజి టేపు కూడా అంటించాను.

షెడ్డు_మేస్త్రి:
అంతా బాగా చేశారు, ఆ స్పాంజి తప్ప. ఏ రకం స్పాంజి? నొక్కితే నీళ్లు పీల్చే రకమైతే వెంటనే తీసేయండి. వాన పడితే అది తడిగుడ్డలా రేకుని పట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు పీల్చని సన్న రబ్బరు షీటు ముక్కలు వేయండి, అవి కూడా నీళ్లు పారే వైపు నిలువుగా, అడ్డంగా కాదు. ఇంకో మాట, ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందొకసారి, తర్వాతొకసారి విప్పి కడగండి. నాలుగు బోల్టులే కదా.

తెనాలి_వీక్రాస్:
ఇప్పుడే ఒక ముక్క నీళ్లలో ముంచి పిండి చూశాను. గిన్నె తుడిచే స్పాంజిలా పీల్చింది. అడ్డంగానే అంటించాను కూడా. రేపు పొద్దున్నే మళ్లీ విప్పాలి. బావమరిదికి ఇంకా చెప్పలేదు.